గోడమీది తుపాకి

పాత నాణేలు, పాత తపాలా బిళ్ళలు, పాత గ్రామఫోను రికార్డులు - వీటన్నిటిగురించీ ఈ పేజీలో వ్రాశారు గదా, పాత తుపాకులు పోగుచేసేవాళ్ళు మీ కంటికి ఆనలేదా అని ఒక పాఠకుడు నిలదీశారు. ఆనారు. ఒక్కరంటే ఒక్కరే ఆనారు. ఆయన వికారాబాదులో వుంటారు. బడిపంతులుగా పనిచేసి రిటైరయారు. అయితే ఆయన దగ్గర తుపాకి ఒక్కటి కూడా లేదు.

మిగతావన్నీ వున్నాయి. ముందు గదిలో తాళాలు, అర్ధశేరు పావుశేరు గుండ్లు, రైల్వే లాంతర్లు, నిజాంకాలపు హాలీ సిక్కాలు. వెనక గదిలో రెండు కత్తులు, పిడి వూడిన ఒక బాకు. ఇంటావిడ కూర్చోవటానికి మాత్రం ఒక కుర్చీ వుంది. దానిమీద కూడా ఏదో సన్నాయి పెట్టి వుంచారు. "ఇన్ని వున్నా ఈయనకు తృప్తిలేదండీ. ముప్ఫై యేళ్ళుగా తుపాకి తుపాకి అని కలవరిస్తున్నారు" అన్నదావిడ, కాఫీ యిస్తూ.

పంతులుగారు కలవరించేది ఏదో ఒక తుపాకికోసం కాదు. "త్రీ నాట్ త్రీ" కావాలి. మనలో కాలేజీ రోజుల్లో ఎన్‌సిసిలో చేరినవాళ్ళకు దాన్ని పరిచయం చెయ్యనక్కర్లేదు. నాలుగు కిలోల బరువు. భుజాన వేసుకుని గ్రౌండు చుట్టూ నాలుగుసార్లు తిరిగితే తాతముత్తాతలు గుర్తుకొచ్చేవారు. జేమ్స్ పారిస్ లీ అనే ఆయన కనిపెట్టిన యంత్రం, లండనుకు ఉత్తరాన ఎన్‌ఫీల్డు అనేచోట వున్న ఫ్యాక్టరీ - ఈ రెండూ కలిసి "లీ ఎన్‌ఫీల్డు" అయింది. రెండు ప్రపంచయుద్ధాల్లో బ్రిటిషు సామ్రాజ్యమంతా దీన్నే మోసింది. మొత్తంమీద కోటి డెబ్భై లక్షల దాకా తయారై వుంటాయని అంచనా. మన దేశంలో కలకత్తాకు ఎగువన ఇషాపూరులో వీటిని చేశారు. 1962లో చైనావాళ్ళు కొండలెక్కి వచ్చినపుడు మన జవాన్ల చేతుల్లో వున్నది ఇదే. సైన్యం వదిలేశాక పోలీసులకు వచ్చింది. ఠాణా ముందు కాపలా జవాను, బ్యాంకు డబ్బు పెట్టెల వెంట వచ్చే జవాను, ఎన్నికల బూతు దగ్గర జవాను - మన యిళ్ళల్లో పిల్లలకు తుపాకి అంటే ఈ కట్టెతుపాకే.

ఇన్ని లక్షలు చేసిన వస్తువు ఒక్కటి ఈ పంతులుగారికి దొరకదా?

దొరకదు. మన దేశంలో అది నిషిద్ధం. సైన్యం వాడే తూటా ఏ తుపాకిలో పడుతుందో ఆ తుపాకి ప్రజలకు వుండకూడదనేది ఇక్కడ చాలా పాత నియమం. తెల్లవాళ్ళు 1907లోనే .450 బోరు రైఫిళ్ళను ఇండియాకు రానివ్వకుండా ఆపేశారు; ఆ తూటాలు తిరుగుబాటుదార్ల చేతిలో వున్న పాత మార్టినీ హెన్రీ తుపాకులకు పనికొస్తాయని భయం. దానితో లండనులో వేటతుపాకులు చేసే కంపెనీలవాళ్ళు .470 అనీ, .465 అనీ కొత్త బోర్లు పుట్టించుకున్నారు. మన అడవుల్లో పులులకు దానివల్ల కలిగిన లాభమేమీ లేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో ఆయుధాల చట్టం చేశారు, 1962లో అమలులోకి వచ్చింది; .303, ఆ తర్వాత వచ్చిన 7.62 మిల్లీమీటర్లు రెండూ నిషిద్ధాల పట్టీలోనే వున్నాయి. మరి పొలం కాపలాకు, వేటకు రైఫిలు కావలసినవాడి సంగతి? అతనికోసం ప్రభుత్వ ఫ్యాక్టరీలే .315 అని ఒకటి చేశాయి. యంత్రం అదే లీ ఎన్‌ఫీల్డుది. తూటా మాత్రం ఆస్ట్రియావాళ్ళ 8 మిల్లీమీటర్ల పాత తూటా. ఒంట్లో ప్రాణం అదే, పేరూ గోత్రమూ వేరు.

అమెరికాలో కథ మరోవిధంగా నడిచింది. యుద్ధం ముగిశాక దేశదేశాల ప్రభుత్వాలకూ గోదాముల నిండా తుపాకులు మిగిలిపోయాయి. వర్జీనియా రాష్ట్రంలో అలెగ్జాండ్రియా రేవు దగ్గర శామ్యూల్ కమింగ్స్ అనే వర్తకుడు వాటిని టన్నుల లెక్కన కొని నదివొడ్డున గోదాముల్లో పేర్చాడు. 1950-60 మధ్య అక్కడి పత్రికల్లో, మన పత్రికల్లో తలనూనె ప్రకటనలు వచ్చినట్టు, తుపాకుల ప్రకటనలు వచ్చేవి. పది డాలర్లు, పదిహేను, ఇరవై. డబ్బు పంపితే పోస్టులో ఇంటికి వచ్చేది. 1963 మార్చిలో ఒకడు అట్లాగే పోస్టులో ఇటలీ సైన్యం పారేసిన కార్కానో రైఫిలు ఒకటి, దుర్భిణీతో సహా 19 డాలర్ల 95 సెంట్లకు తెప్పించుకున్నాడు. ఆ నవంబరు 22న డాలస్ నగరంలో దానితోనే అధ్యక్షుడు కెనెడీని కాల్చాడు. 1968లో అక్కడ కొత్త చట్టం వచ్చింది; పోస్టు వ్యాపారమూ పోయింది, పైదేశాల సైనికుల తుపాకులు రావటమూ ఆగింది. 1984లో పాతవస్తువుల క్రింద కొన్నిటికి మళ్ళీ తలుపు తీశారు. సోవియట్ కూటమి కూలినాక కొన్నాళ్ళు రష్యను రైఫిళ్ళు వరదలా వచ్చిపడ్డాయి.

ఇప్పుడు ఆ వరద కూడా తీసింది. కొంత చట్టాలవల్ల: దక్షిణ కొరియాలో మూలుగుతున్న అమెరికను రైఫిళ్ళను తిరిగి తెచ్చుకోవటానికి 2013లో వాళ్ళ ప్రభుత్వమే అడ్డుపెట్టింది. కొంత, చాలా ప్రభుత్వాలు అమ్మటం మాని కరిగించటం మొదలుపెట్టినందువల్ల. అన్నిటికన్న పెద్ద కారణం సహజమైనది. 1945 దాటాక సైన్యాలన్నీ తమంతట తాము గుళ్ళు కురిపించే తుపాకులకు మారాయి. వాటిని ఏ దేశమూ గృహస్థుకు అమ్మటానికి ఇష్టపడదు. కట్టెతుపాకులు చెయ్యటం మానేసి చాలాకాలమైంది. వున్నవి వున్నంతవరకే.

ఆ వున్నవాటిని కూడా జనం తిన్నగా వుంచలేదు. పది డాలర్ల వస్తువుకు మర్యాదేముంటుంది? వేటగాళ్ళు ముందుభాగపు కొయ్య కోసేసి, గొట్టం కురచచేసి, పాలిష్ పెట్టించుకున్నారు. ఇప్పుడు వాళ్ళ మనవలే కొయ్య చెక్కుచెదరని తుపాకికోసం పది దుకాణాలు తిరుగుతున్నారు. మనం నవ్వనక్కర్లేదు. అమ్మమ్మల నాటి ఇత్తడి బిందెలు, రాగి కాగులు తూకానికి వేసి స్టీలు సామాను కొనుక్కున్నవాళ్ళం మనమే. అవే బిందెలు ఇప్పుడు హైదరాబాదు దుకాణాల్లో అద్దాల వెనుక పెట్టి అమ్ముతుంటే ముందు గదిలో పూలు పెట్టుకోవటానికి బేరమాడుతున్నదీ మనమే.

ఒకేచోట పెద్దరాశి దొరికిన సంగతి ఈమధ్య కాలంలో ఒక్కటే విన్నాం. 2003లో ఖాట్మండులో ఒక పాత రాజభవనం ఆయుధశాలను అమెరికను వర్తకులు కొన్నారు. యాభైవేలకు పైగా తుపాకులు, నూరేళ్ళ దుమ్ము క్రింద. మెరక రాజ్యం కావటం, ఎవడూ జయించకపోవటం - అందుకే అవి మిగిలాయి. హైదరాబాదు రాజ్యం అంత పెద్దదైనా అటువంటి రాశి మనకు మిగల్లేదు. ఇక్కడ ఆయుధాలు ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చి లాగేసుకున్నవే. ఫ్రెంచివాడు రేమండు నిజాంకోసం ఫిరంగుల కార్ఖానా కట్టాడు. "తోప్ కా సాంచా" అని హైదరాబాదులో ఇప్పటికీ ఆ కట్టడం వుంది. ఆయన 1798లో చనిపోతే అదేయేడు ఇంగ్లీషువాళ్ళు ఆ ఫ్రెంచి పటాలాన్నంతా ఒక్కరోజులో నిరాయుధం చేశారు.

వికారాబాదు ఆ పాత సర్దారుల వూరే. పైగా నవాబు వికారుల్ ఉమ్రా పేర వెలిసింది. పైగాలంటే నిజాం సొంతరక్షణకు గుర్రాలనూ రౌతులనూ మేపవలసిన వంశంవారు. అందుకే వాళ్ళకు అన్ని జాగీర్లు. అయితే ఇంగ్లీషువాళ్ళ లెక్క ఒకటుంది. 1857 తర్వాత తెల్లసోల్జరు చేతికి కొత్త తుపాకి వస్తే, అతను విడిచినది నల్లసిపాయికి. సిపాయి విడిచినది సంస్థానాలకు. సంస్థానంలో విడిచినది జాగీర్దారు నౌకరుకు. అక్కడినుంచి పోలీసు పటేలు ఇంటి గోడమీదికి. పెద్దన్న చొక్కా తమ్ముళ్ళందరికీ దిగివచ్చినట్టు. "కనక మిగులు తుపాకి అమెరికావాళ్ళు కనిపెట్టిన వింత కాదు. మన పల్లెల్లో ఏ గోడమీద వున్నదైనా ఎవరో మిగిల్చిందే" అన్నారు పంతులుగారు. "రండి, తాండూరులో ఒకటి చూపిస్తాను. అంటే, అది వుండిన చోటు చూపిస్తాను."

తాండూరుకు రైల్లో గంటలోపే. దారి పొడుగునా కందిచేలు, బండల గనులు. స్టేషను దాటితే ఏ యింట్లో చూసినా కాళ్ళక్రింద చల్లగా నాపరాయి. మేము వెళ్ళిన ఇల్లు ఊరికి కాస్త దూరం, ఒకప్పటి పోలీసు పటేళ్ళది. ఇంటి పెద్దామెకు ఎనభై అయిదేళ్ళు వుంటాయి. కొడుకు వ్యవసాయం, మనవడు హైదరాబాదులో ఉద్యోగం. నడవలో గోడకు మూడు జతల కొయ్యమేకులున్నాయి. రెండు జతలమీద రెండు తుపాకులు. మూడో జత ఖాళీ. దానిక్రింద సున్నం మీద పొడుగాటి మరక, తుపాకి ఆకారాన.

"మాది మూడు బందూకుల ఇల్లని పేరుండె సారూ," అన్నదామె. "ఎలక్షన్లు వచ్చినయంటే చాలు, మూడూ పుట్టింటికి పోతుండె. ఠాణాల నెల, రెండు నెలలుండి మళ్ళ ఒస్తుండె. ఈసారి ఒకటి పోయింది, ఇగ రాదు."

జరిగిందిది. 2019 డిసెంబరులో ఆయుధాల చట్టాన్ని సవరించారు. అంతవరకు ఒక లైసెన్సుమీద మూడు తుపాకులు వుండవచ్చు, ఇకమీదట రెండే. మొదట ఒక్కటే అందామనుకుని, పార్లమెంటులో సభ్యులు గోలపెడితే రెండుకు ఒప్పుకున్నారు. తాతముత్తాతలనుంచి వచ్చినవయినా సరే అదే లెక్క. మూడోది ఏడాదిలోపల ఠాణాలోనో, లైసెన్సున్న దుకాణంలోనో ఇచ్చివేయాలి. ఆ ఏడాది కరోనా యేడాది. లాక్‌డౌను మధ్యలో ఈ యింట్లో పెద్దచర్చ నడిచింది: ఏది ఇచ్చేయాలి?

ఒకటి రెండుగొట్టాల పన్నెండు బోరు. రెండోది .315, ప్రభుత్వ ఫ్యాక్టరీది. 1980 తర్వాత కొన్నేళ్ళకే పైదేశాల తుపాకులు ప్రజలు తెప్పించుకోవటం ఆపేశారు గనక వున్నవాటికి ధర పెరిగింది. రేపు లైసెన్సు వున్నవాడికి అమ్ముకున్నా నాలుగు రూకలు వస్తాయి. అడవిపందులు కందిచేలమీద పడితే బెదిరించటానికి చప్పుడైనా చేస్తాయి. మూడోది టోపీదారు బందూకు. గొట్టం మూతిలోనుంచి మందు పోసి, ఇనుపకడ్డీతో దట్టించి, పైన చిన్న రాగిటోపీ పెట్టి పేల్చవలసినది. కొయ్య పగిలితే ఇత్తడి తీగ చుట్టారట. కీలుపక్క రేకుమీద కిరీటం బొమ్మ, దానిక్రింద "టవర్" అని ఇంగ్లీషు అక్షరాలు. అనగా ఇంగ్లీషు సైన్యంలో పుట్టింది, లేదా ఆ పుట్టుక తనకు తానే కల్పించుకున్నది. ఆ ముద్ర చూసి మన కమ్మర్లు కూడా అచ్చంగా కొట్టేవారు. పంతులుగారు అప్పట్లో భూతద్దం పెట్టి చూశారట. "అక్షరాలు బాగానే వున్నాయి గాని, కిరీటం కొంచెం గుమ్మడికాయలా వుంది" అన్నారు.

కొడుకూ మనవడూ ఏమన్నారో చెప్పనక్కర్లేదు. పేలనిదాన్ని ఇచ్చేద్దామన్నారు. లెక్కప్రకారం తప్పులేదు. ఆమె మూడురోజులు నోరు విప్పలేదు. నాలుగోరోజు మనవణ్ణి పక్కన కూచోబెట్టుకుని, ఎన్నడూ ఆ యింట్లో ఎవరూ పూర్తిగా వినని సంగతి చెప్పింది. మాకు మళ్ళీ చెప్పింది.

అది 1948. సైదాపైదా రోజులు. ఇవతల రజాకార్లు, అవతల సరిహద్దు దాటి ఎవరు వస్తారో తెలియదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానవాడు కరాచీనుంచి రాత్రిళ్ళు నిజాముకు తుపాకులు దింపుతున్నాడని పేర్లతో సహా మనం పుస్తకాల్లో చదువుకున్నాం; బీదరులో దింపేవాడు. వికారాబాదునుంచి బీదరుకు రైలుంది. ఆ రోజుల్లో ఆ రైలు కూత విన్నా జనానికి గుండె ఆగేది. ఈమె అప్పటికి కొత్తకోడలు, పన్నెండు పదమూడేళ్ళ పిల్ల.

"వినాయకచవితి ముందుగాల. రాత్రి కుక్కలు మొరిగినయి. మా అత్త మమ్ముల్ని ఆడపిల్లలందర్నీ ఖాళీ జొన్నపాతర్ల దించింది. పైన సొప్ప గప్పింది. మా మామ గడపల కూసున్నడు, ఒళ్ళె ఈ బందూకు. దివిటీలు పట్టుకొని ఇరవైమంది దాకా ఒచ్చిన్రు. వాకిట్ల నిలవడి 'పటేలా, బందూకు ఇటియ్యి' అన్నరు. 'ఒచ్చి తీస్కపోండ్రి' అన్నడు మా మామ. గంతే. ఇంకో మాట లేదు. చానాసేపు నిలవడ్డరు. ఎనుకకు మళ్ళిన్రు."

మనవడు కళ్ళు పెద్దవి చేశాడట. "ఎంతమందిని కొడ్తుండె తాత?"

"దాంట్ల మందే లేకుండె బిడ్డా. అయిపోయి ఆర్నెల్లయింది. టోపీలు గూడ లేవు. ఆ ముచ్చట మా మామకు, మా అత్తకు ఎరుక. పాతర్ల వున్న నాకు తెల్లారినంక చెప్పిన్రు."

చవితి వెళ్ళిన వారానికి, సెప్టెంబరు 13న, యూనియన్ సైన్యం వచ్చింది. 17న అంతా అయిపోయింది. ఆ తర్వాత ఊళ్ళల్లో ఆయుధాలన్నీ అప్పజెప్పమంటే ఆయనా అప్పజెప్పి వచ్చాడట. ఏడాదికి, కాగితం చేతికిచ్చి, తిరిగి ఇచ్చారు.

ఇది విన్నాక మనవడు అడ్డం తిరిగాడు. .315నే ఇచ్చేద్దామన్నాడు. కొడుకు పందుల సంగతి ఎత్తాడు. పంతులుగారిని పిలిచి సలహా అడిగారు. పేలని పురాతన తుపాకులను వింతవస్తువుల క్రింద లైసెన్సు లేకుండానే ఇంట్లో వుంచుకోవచ్చునని 2020 ఫిబ్రవరిలో ఒక కొత్త నియమం వచ్చింది, అర్జీ పెట్టండని చెప్పారాయన. కొడుకు రెండు కచ్చేరీలు తిరిగాడు. ఇది వింతవస్తువేనని రాసిచ్చేవాళ్ళు ఎవరో అక్కడ కూర్చున్నవాళ్ళకే తేలలేదు. ఒకచోట రేపు రమ్మన్నారు, ఇంకొకచోట కరోనా తగ్గాక రమ్మన్నారు. గడువు తగ్గలేదు. మందు పోస్తే ఇది పేలుతుందా అని మరొకచోట అడిగారు. ఏమని చెప్పాలి? పేలుతుందంటే లెక్కలోకి వస్తుంది. పేలదంటే మామగారి పరువు.

ఇక్కడ పంతులుగారి అవస్థ కూడా చెప్పాలి. ముప్ఫై యేళ్ళుగా ఎదురుచూసిన మనిషి. త్రీ నాట్ త్రీ కాకపోయినా, అంతకన్న మూడు తరాల పాతది, కళ్ళముందు వుంది. వాళ్ళు ఇస్తామన్నారు కూడా, డబ్బు అక్కరలేదన్నారు. ఆయనకు లైసెన్సు లేదు. ఈ వయస్సులో, ప్రాణభయమేమీ లేని రిటైర్డు పంతులుకు ఎవరిస్తారు? "ఒక్క సంతకం పెట్టించుకోలేకపోయాను" అన్నారు రైల్లో, కిటికీలోంచి చూస్తూ. ఆవిడ అన్నమాట నిజమే, ఆయనకు అది కలవరింతే.

నా మటుకు నాకు తుపాకులంటే ముచ్చట లేదు. ఎన్‌సిసిలో నా భుజానికి అది ఇచ్చిన నీలిమచ్చ ఒక్కటే నాకు దానితో చుట్టరికం. ఇళ్ళల్లోనుంచి అవి పోవటం మంచిదేనని నా నమ్మకం. డాలస్‌లో జరిగింది చాలు సాక్ష్యానికి. 2020 గణతంత్రదినాన ఉత్తరప్రదేశ్ పోలీసులు లక్నో కవాతులో త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెబితే ఆ బొమ్మలు చూసి నాకేమీ విచారం కలగలేదు. ఇంకా ముందే చెయ్యవలసింది. ఠాణా జవాను చేతిలో అది రక్షణకన్న భారమే. కాని ఒక సంగతి అడగాలనిపిస్తుంది. కెనడాలో ఉత్తరధ్రువం వైపు మంచులో కాపలా కాసే రేంజర్లకు 2018 ప్రాంతాల కొత్త రైఫిలు ఇచ్చినపుడు, ఇన్నాళ్ళూ మోసిన లీ ఎన్‌ఫీల్డును ఇంటికి తీసుకుపోనిచ్చారు. అంత వద్దు. బోల్టు అతికించి, గొట్టం మూసి, జిల్లాకు ఒకటి ఏ బడిలోనో అద్దాలపెట్టెలో పెడితే? సాలార్జంగు మ్యూజియంలో ఆయుధాల గదికి పిల్లల్ని తీసుకుపోయి చూడండి. వజ్రాలు పొదిగిన పిడిగల కత్తులు చాలా వున్నాయి. ఇత్తడి తీగ చుట్టిన పటేలు తుపాకి మన జిల్లాల్లో ఎక్కడ కనిపిస్తుంది?

గడువుకు నాలుగురోజుల ముందు కొడుకు టోపీదారును దింపి గోనెపట్టాలో చుట్టాడు. అప్పుడు పెద్దామె ఆగమన్నది. మనవడిచేత ఒక అట్టముక్క తెప్పించింది. తను చెబుతుంటే వాడు వ్రాశాడు: ఫలానా ఊరు పోలీసు పటేలుది, 1948 భాద్రపదం, చవితి ముందు, ఇరవైమంది వచ్చారు, ఇందులో మందు లేదు. ఆ అట్టకు కన్నం పెట్టి, పసుపుదారంతో మీట చుట్టూ కట్టింది. ఠాణాలో మాల్‌ఖానా చూసే జవాను ఆ అట్ట చదివి, ఇది విప్పాలా వుంచాలా అని లోపలికి వెళ్ళి అడిగి వచ్చాడట. వుంచమన్నారు.

రసీదు ఆమె పెట్టెలో వుంది. రేషను కార్డు, మామగారి పాత లైసెన్సు కాగితం, అది - మూడూ ఒకే సంచిలో. మేము బయలుదేరుతుంటే ఆ సంచి తీసి పంతులుగారికి చూపించింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, రసీదు మీద వస్తువు వివరం దగ్గర వేలు పెట్టి చదివారు. "పాత తుపాకి ఒకటి, పనిచేయనిది" అని వుంది.

"పనిచెయ్యకేంది," అన్నదామె, సంచి మూతికి ముడివేస్తూ.